చెంబు పట్టుకుని నంద్యాలకు

నా మొగుడి రక్తం నంద్యాల ఆసుపత్రిలో ఇంకా ఉందని ఫోనులో చెప్పారు. మనిషి పోయి ఏళ్ళు గడిచాక చెప్పారు. పొయ్యి దగ్గర ఉన్నాను, గంటె చేతిలోనే ఉంది. "ఎవరి రక్తం?" అని రెండుసార్లు అడిగాను. నమ్మలేక.

ఆయన ఆళ్ళగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు దగ్గుకుంటూ తనే తోలుకుని నంద్యాలకు పోయాడు. పక్కన నేను. ఆసుపత్రి గేటు దగ్గర జీపు తాళం నా చేతిలో పెట్టి, "మా తమ్మున్ని రమ్మను. బండి ఎండకు పెట్టొద్దని చెప్పు వానికి" అన్నాడు. అంతే. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట బండి గురించి.

తర్వాత ఆయన్ని చూడలేదు. ఆసుపత్రివాళ్ళే కాల్చేశారు. ఎముకలు కూడా ఇవ్వలేదు. అందరికీ చెంబులో ఇంత బూడిదైనా వస్తుంది, ఏటిలో కలిపి ఏడ్చుకుంటారు. నేను ఏం పెట్టుకుని ఏడవాలి? పెద్దకర్మ రోజు జీపు తాళం ఆకులో పెట్టి దండం పెట్టుకున్నాను.

ఫోను సంగతి విని మా మరిది, "రక్తముందంటే మనిషి ఉన్నట్టే గదా వదినా. తెచ్చుకో పో. నేను ఏట్లో కలిపొస్తా" అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. రాగి చెంబు చింతపండుతో తోమి, పసుపు గుడ్డ చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటు ఆమె "యాడికి పోతాండావ్ అక్కా?" అంది. "మా ఆయన్ని తోడుకొచ్చేదానికి" అన్నాను. ఆమె నా నుదుటి వైపు చూసి, కిటికీ వైపు తిరిగింది.

ఆసుపత్రిలో నన్ను ఒక చల్లటి గదిలో వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు బల్ల దగ్గర డాక్టరమ్మ. అంటురోగాల డాక్టరు. ఆ రోజుల్లో ఆయన వార్డు చూసింది ఆమేనట. ఎదురుగా హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీవాళ్ళు నలుగురు. రోగాన్ని పట్టే పరీక్షలు, టీకాలు చేసే కంపెనీ. అప్పటి రోగుల రక్తం వాళ్ళకు కావాలి. రేపు ఇలాంటిది ఇంకొకటి వస్తే వెంటనే పట్టే పరీక్ష తయారుగా ఉండాలంట, అది సరిగ్గా పని చేస్తుందో లేదో ఈ పాత రక్తం మీద చూసుకోవాలంట.

"అప్పుడే సంతకాలు పెట్టారు కదా మేడమ్. ఇప్పుడు ఒక్కొక్క ఇంటివాళ్ళనూ పిలిచి అడగడమంటే ఎన్ని నెలలు పోతాయి!" అన్నాడు కళ్ళజోడతను.

"ఊపిరాడని మనిషి పెట్టిన సంతకం అది. ఆ రోజు నేను ఏ కాగితమిచ్చినా పెట్టేవాళ్ళు" అంది ఆమె. "ఆ వెనక కూర్చున్నామె భర్త కరోనా రిపోర్టు ఈ ఊరికి వచ్చేసరికి ఆయన లేడు. అందుకే, మీ పరీక్ష తయారైతే ముందు ఇలాంటి ఊళ్ళకు ఇవ్వాలి. కాగితం మీద రాయండి."

"అది మా చేతుల్లో లేదు మేడమ్."

"రక్తం నా చేతుల్లో ఉంది."

ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. కళ్ళజోడతను "సరే, పైవాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు. అప్పుడు ఆమె నన్ను ముందుకు పిలిచింది. పోయి సంచిలోంచి చెంబు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదెందుకమ్మా?" అన్నాడతను.

"మా ఆయన్ని తీసకపోయేదానికి."

డాక్టరమ్మ లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. "ఇంటికి ఇవ్వలేమమ్మా. ఉన్నది రెండు చిన్న గొట్టాలు, చెంచాడు కూడా ఉండదు. మంచులా గడ్డకట్టించి పెట్టాం, బయటికి తీస్తే కరిగి పాడైపోతుంది. మీరు వద్దంటే పద్ధతి ప్రకారం మేమే కాల్చేస్తాం."

"మళ్ళా కాలుస్తారామ్మా? ఒకసారి కాల్చినారు గదా."

ఆమె చెంబును బల్ల అంచు నుంచి లోపలికి జరిపింది. కళ్ళజోడతన్ని చూపించి నేనే అడిగాను, "ఈయప్పకు ఇస్తే ఏమైతాది?"

"కొంచెం కొంచెంగా వాడతారు. చివరికి అయిపోతుంది."

అయిపోతుందా! నిన్నటిదాకా ఏమీ లేదు, లేదని అలవాటు చేసుకున్నాను. చెంచాడు ఉందని పిలిచి, అయిపోతుందంటే చెంబు ఒళ్ళోకి లాక్కున్నాను. వద్దని లేచి రావాలనిపించింది. కానీ రిపోర్టు కోసం నేను గేటు బయట నిలబడిన రోజులు గుర్తొచ్చాయి. ఇంకొకతె అట్లా నిలబడకూడదు.

"ఒక గొట్టం తీసుకోప్పా. ఇంకోటి ఈడే ఉండనీ. దాన్ని ఎవరూ ముట్టుకోగూడదు" అన్నాను.

డాక్టరమ్మ అతని వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె అదే మాట కాగితం మీద రాసి, చదివి వినిపించింది. సంతకం పెట్టాను. నాకు వచ్చిన అక్షరాలు అవే. రేషన్ కార్డు కోసం ఆయన జీపు బానెట్ మీద కాగితం పెట్టి నేర్పించినవి.

"ఒకసారి చూస్తా" అన్నాను.

ల్యాబులో పనిచేసే అబ్బాయి లావు గ్లౌజులు తొడుక్కుని పెట్టె తెరిచాడు. తెల్లగా పొగ వచ్చింది. చిటికెన వేలంత గొట్టం పైకెత్తాడు. మీద నంబరు. ఎర్రగా ఉంటుందనుకున్నాను, లేత పసుపుగా ఉంది. రక్తం మీద తేరుకునే నీళ్ళట. మా ఆయన నా ముందుకు వచ్చాడు, మంచు పట్టి. చేయి చాపాను. "ముట్టుకోవద్దమ్మా, చర్మం ఊడుతుంది" అన్నాడతను. ఒక్క ఊపిరి సేపు. మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఎండ తగలనియ్యొద్దప్పా" అన్నాను. అట్లా ఎందుకన్నానో అన్నాకగానీ తెలియలేదు.

"కరెంటు పోతే?" మళ్ళీ నేనే అడిగాను.

"జనరేటరుంది లేమ్మా. నా నంబరు రాసిస్తా."

చెంబు ఖాళీగానే ఇల్లు చేరింది. మా మరిది గుడ్డ విప్పి లోపలికి తొంగి చూసి, గూట్లో పెట్టేశాడు.

ఇప్పుడు ఆళ్ళగడ్డలో కరెంటు పోతే అందరూ విసనకర్ర వెతుక్కుంటారు. నేను ఫోను వెతుక్కుంటాను.

"ఆడ కరెంటుందా అప్పా?"

"ఏమ్మా, కరెంటాఫీసుకు చేసే ఫోను నాకు చేస్తాండావ్!" అని నవ్వుతాడు. నవ్వినా, లేచి పోయి చూసి వస్తాడు. ఫోనులో అతని చెప్పుల చప్పుడు వినిపిస్తుంది, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. అంతసేపూ జీపు తాళం చేతిలో పట్టుకుని ఉంటాను.

"ఉందిమ్మా. చల్లగుండాడు."