అత్త వొంపిన రెండు చుక్కలు

నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజున చెప్పులు గట్టున విప్పాలన్న జ్ఞానం కూడా లేకుండా గెడ్డలో దిగాను. నీటిలో మునిగితే పాపాలు కొట్టుకుపోతాయన్నారు. చెప్పులు కొట్టుకుపోయాయి. పాపాలు మాత్రం నా సైజుకి సరిగ్గా సరిపోయి ఇప్పటికీ నాతోనే తిరుగుతున్నాయి.

ఆరో తరగతిలో బడి మానేసినవాడికి సంఘంలో దొరికే పని మొయ్యడమే. అందులోనూ నాకు బండి ఉంది. అందుకని నెలకోసారి ముంచింగిపుట్టు సంతలో రొట్టె, ద్రాక్షారసం సీసా కొని కొండమీదికి తేవడం, ఆదివారం ఆ చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరస వెంట నడవడం, అందరికీ అయ్యాక ఆఖరి గ్లాసు నేను తాగడం నా పరిచర్య. గ్లాసు ఎంతంటే, దగ్గుమందు సీసా మూత దానికి పెద్దన్న. రొట్టె ముక్క చూస్తే చీమ కూడా ఇంకొంచెం వెయ్యమంటుంది.

మా పాస్టరుగారు పల్లపు మనిషి, కుర్రాడు. బైబిలు కాలేజీ నుంచి తిన్నగా మా కొండకొచ్చారు. ఈ రొట్టె, రసం పంచే సంస్కారం అంటే ఏమిటో మూడు వారాలు చెప్పారు. లోపల కనిపించని కృపకి బయట కనిపించే గుర్తట. నేను ఊరుకోలేక, మా కొండమీద టవరు కనిపిస్తుంది, సిగ్నల్ కనిపించదు, అలాంటిదా అయ్యగారూ అనడిగాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నాలుగోవారం కూడా చెప్పారు.

ఆ నాలుగు వారాలూ ముందు వరసలో కూర్చుని విన్నది మా అత్త, మా నాన్న చెల్లెలు. ముసలిదైపోయాక బాప్తిస్మానికి అడిగింది. అంతకుముందు రెండేళ్ళు ప్రతి ఆదివారం వచ్చేది గాని, బల్ల వేళకి, అంటే రొట్టె, రసం పంచేటప్పుడు, బాప్తిస్మం లేనివాళ్ళని వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. పళ్ళెం ఆమె ముందునుంచే పోయేది. మాలో చోడి అంబలి కుండ దింపితే వాకిట్లో నిలబడ్డ ఎవరికైనా ఒక దొన్నె పొయ్యాల్సిందే. ఒకరు చూస్తుండగా ఇంకొకరు తాగడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు. అందుకే మునిగింది. చలికాలం పొద్దున్నే, మంచులో, గెడ్డలో. నాలాగ చెప్పులు పోగొట్టుకోలేదు, అసలు వేసుకోదు గనక.

ఆమె మొదటిసారి బల్ల తీసుకునే ఆదివారం వచ్చింది. పాస్టరుగారు ముందే గట్టిగా చెప్పారు: అయోగ్యంగా తీసుకుంటే బల్లకి దూరం పెడతాను. ఊరికే అనే మనిషి కాదు. ముందు నెలలో పెళ్ళిలో జీలుగు కల్లు తాగినవాణ్ణి ఆరు నెలలు వెనక బెంచీకి పంపారు. అత్తకి ఆ బెంచీ అంటే ఎంత భయమో నాకు తెలుసు.

రొట్టె బాగానే తీసుకుంది. నేను పళ్ళెం ఆమె ముందు పట్టాను. గ్లాసు అందుకుంది. తాగలేదు. కొంచెం ముందుకి వంగి, సిమెంటు నేల మీద రెండు చుక్కలు వొంపింది. తర్వాత తాగింది.

మాకు అది వింత కాదు. కల్లైనా అంబలైనా పోయినోళ్ళకి రెండు చుక్కలు నేలకి వొంపకుండా కొండమీద ఎవరూ నోట పెట్టరు. మామయ్య పోయి ఐదేళ్ళయింది, ఆయనకే పోసిందనుకున్నాను. పాస్టరుగారూ అలాగే అనుకున్నట్టున్నారు. మొహం ఎర్రబడింది. ఏం చెప్పి తప్పించాలా అని వెతుక్కుంటూనే మిగతా వరసకి పళ్ళెం తిప్పాను. ఆరాధన ముగిశాక అందరినీ పంపి, మమ్మల్నిద్దరినీ ఉండమన్నారు.

నేను ముందే అందుకున్నాను. ముసలి చేతులు కదా అయ్యగారూ, వణికి ఒలికిపోయిందన్నాను. అబద్ధాలు నాకు బాగా వచ్చు, బడిలో నేర్చుకున్నది అదొక్కటే.

"నా సెయ్యి వణకనేదు," అంది అత్త.

ఇక నేను చెయ్యగలిగింది లేదు. పాస్టరుగారు మెల్లగా అడిగారు. "మామ్మగారూ, చనిపోయినవాళ్ళకి ఇలా పొయ్యకూడదని చెప్పాను కదా. ఎవరికి పోశారు?"

"పెబువుకే, బాబూ. నన్ను గేపకం సేసుకోండి అన్నాడని నువ్వే సెప్పావు కదా. మేం గేపకం సేసుకుంటే ఇలాగే సేత్తాం. సచ్చిపోయినాయనకి పొయ్యకుండా ఎలా తాగేది?"

"ఆయన మూడో రోజునే తిరిగి లేచాడు, మామ్మగారూ."

"లేత్తే దాహం ఎయ్యదేటి?"

బైబిలు కాలేజీలో ఈ ప్రశ్నకి పాఠం పెట్టినట్టు లేదు.  పాస్టరుగారు ఇస్త్రీ చేసిన తన జేబురుమాలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ రెండు చుక్కలూ అద్దారు. పవిత్రమైంది ఎవరూ తొక్కకూడదనో, పైవాళ్ళు చూస్తే తన ఉద్యోగానికి ముప్పనో, నేను అడగలేదు. ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను, రాసిపెట్టుకోండి.

లేచి నాతో అన్నారు. "బ్రదర్, వచ్చే నెల మామ్మగారి గ్లాసు కొంచెం నిండుగా పొయ్యండి."

అత్తకి వెనక బెంచీ తప్పిందని అప్పుడు అర్థమైంది నాకు. దిగువకి నడుస్తూ ఇక ఆగలేకపోయాను. అత్తా, రెండేళ్ళు ఎదురుచూసి మునిగావు, ఇచ్చిందే దగ్గుమందంత, అందులో రెండు చుక్కలు నేలపాలు చేస్తే నీకేటి మిగిలిందని ఏడిపించాను.

అత్త ఆగలేదు, వెనక్కి చూడలేదు.

"నాకు రెండు సుక్కలే తగ్గాయిరా. నువ్వు నా కోసం అబద్ధం ఎతుక్కుంటా నీ గ్లాసు తాగడమే మర్సిపోయావు."