ఎవరి వీపు మీద

మా వైపు పసిపిల్లను మెచ్చుకోవడానికి ఒకటే మాట ఉంది: బుద్ధిమంతురాలు. ఏడవకపోతే బుద్ధిమంతురాలు. ఎక్కడ పడుకోబెడితే అక్కడే పడి ఉంటే మరీ బుద్ధిమంతురాలు. జనవరి మొదట్లో ఒడ్నీ, ఆమె భర్త తోర్గైర్ ఓస్లో విమానాశ్రయం నుంచి ఏడు నెలల కొరియా పిల్లను ఒళ్లో పెట్టుకుని, నీటి పాయ ఒడ్డునున్న మా ఊళ్లో దిగిన నాటి నుంచీ అందరి నోటా అదే జపం. ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర ఆడవాళ్లు వంతులేసుకుని వంగి చూసేవాళ్లు. "మూడు నెలలైంది, ఒక్కసారైనా నోరు విప్పిందా? మావాడైతే ఈపాటికి ఇంటి కప్పు లేపేసేవాడు. అదృష్టం చేసుకున్నావు ఒడ్నీ" అనేవాళ్లు.

ఒడ్నీ నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం ఆ పిల్ల మౌనం చూస్తే ఆమెకు భయం వేసేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్ల ఏదీ అడగదు. సీసా నోటికందిస్తే నాలుగు గుటకలు మింగి మొహం తిప్పేసుకుంటుంది. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుంటుంది. దించితే దించినచోట ఉండి గోడ చూస్తుంది.

ఒడ్నీకి ముప్పై ఎనిమిదేళ్లు. అందులో పదిహేనేళ్లు స్వెట్టర్ల ఫ్యాక్టరీలోనే గడిచాయి. తయారైన స్వెట్టరును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, ఎక్కడ అల్లిక జారిందో కనిపెట్టడం ఆమె పని. ఆమె కన్నుగప్పి లోపమున్న స్వెట్టరు గడప దాటిందని ఎవరూ చెప్పలేరు. నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో పేరు. డాక్టరు చెప్పాడంటే చెప్పాడే. కాగితం మీద రాసి ఉందంటే ఉందే. పన్నెండేళ్ల కాపురంలో కడుపు పండకపోతే ఎవరినీ ఆడిపోసుకోలేదు. దత్తత కోసం మూడేళ్లు ఎదురుచూసినప్పుడు కూడా ఆఫీసుకు ఫోను చేసి తొందరపెట్టలేదు.

విమానాశ్రయంలో పిల్లను చేతికిచ్చిన క్షణాన గుండె కరిగి నీరవుతుందని అనుకుంది. అలా ఏమీ జరగలేదు. పిల్ల ఆమె భుజం మీదుగా తల తిప్పి, వచ్చేపోయే ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఎవరి కోసమో వెతుకుతోందని ఒడ్నీకి అప్పుడే తోచింది. ప్రేమ వస్తుందనుకున్నచోట భయం వచ్చి కూర్చుంది. ఈ సంగతి తోర్గైర్‌తో కూడా చెప్పలేదు. మూడేళ్లు దేవుణ్ణి అడిగి తెచ్చుకున్న బిడ్డ మీద ప్రేమ పుట్టలేదని ఏ నోటితో చెబుతుంది?

ప్రేమ లేకపోతే పోయె, పనిలో లోటు రానివ్వకూడదనుకుంది. పిల్లతో పాటు దత్తత ఆఫీసువాళ్లు ఒక కాగితం పంపారు. కొరియా భాషలోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి మా భాషలోకి దిగిన అయిదు ముక్కలు. పిల్ల పేరు సున్‌హీ. గంజి తాగుతుంది. వెచ్చగా ఉంటే ఇష్టం. కొత్తవాళ్లంటే బెదురు. వీపు మీద బాగా నిద్రపోతుంది. పిల్లకు తోర్గైర్ నాయనమ్మ పేరు ఎలీ అని పెట్టుకున్నారు గాని, తక్కినదంతా కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. గంజి అంటే మాకు పాలూ చక్కెరా దాల్చినచెక్క పొడీ వేసి, పైన వెన్న ముద్ద పెట్టి చేసే పండగ వంట. అత్తగారు బొర్గిల్డ్ రోజూ అదే వండేది. పిల్ల రోజూ ఉమ్మేసేది.

ఇక నిద్ర. మా భాషలో వెల్లకిలా పడుకోవడానికీ వీపు మీద పడుకోవడానికీ ఒకటే మాట. పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టండని నర్సులు చెబుతున్న రోజులవి. అయినా కాగితంలో ఉంది కదా అని ఒడ్నీ పిల్లను వెల్లకిలా పడుకోబెట్టింది. అదీ మా పద్ధతిలో, ఆరుబయట. పొద్దున పదకొండింటికి ఒంటినిండా ఉన్ని తొడిగి, పిల్లల బండిలో గొర్రెతోలు పరిచి, ఇంటి గోడవారన నిలబెట్టి తలుపు వేసుకుంటే మళ్లీ ఒంటిగంటకు తీయడం. మంచు పడుతున్నా సరే, మేమంతా అలా పెరిగినవాళ్లమే.

"తోర్గైర్‌ని మంచులోనే నిద్రపుచ్చి పెంచాను. వాడికేమైంది?" అంది బొర్గిల్డ్.

"ఏమీ కాలేదు అత్తయ్యా. ఇప్పుడు పొయ్యి పక్కనుంచి లేపాలంటేనే కష్టం."

వంటింటి కిటికీలోంచి ఒడ్నీ చూస్తూ ఉండేది. బండిలో పిల్ల రెండు గంటలూ కళ్లు తెరుచుకునే ఉండేది. చేతులు రెండు పక్కలా బార్లా చాచి, వేళ్లు విచ్చుకుని, ఏదైనా పట్టుకుందామంటే దొరకనట్టు ఉండేది. అత్తగారు అడిగితే "పడుకుంది" అని అబద్ధం చెప్పేది.

ఏప్రిల్ మొదట్లో నీటి పాయ అవతలి ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ యోరున్ పిల్లను తూచింది. వచ్చిన నాటికంటే నాలుగు వందల గ్రాములు తక్కువ. సిస్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మూడు వారాలు చూద్దాం. రెండు వందల గ్రాములైనా పెరగకపోతే పట్నం ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అంది.

"నేనూ పక్కనే ఉండొచ్చా?"

"తల్లులకు అక్కడ చోటుండదు. బుధవారం ఒక గంట, ఆదివారం ఒక గంట. అద్దంలోంచి చూడొచ్చు."

తిరుగు ప్రయాణంలో ఒడ్నీ ఆ అద్దం గురించే ఆలోచించింది. పిల్ల ఇప్పటికే ఎన్ని చేతులు మారిందో లెక్క తెలియదు. ఇంకొకరి చేతుల్లో పడితే ఇక ఎవరి కోసమూ వెతకడం మానేస్తుందని ఆమెకు తోచింది. అప్పుడు ప్రేమ పుట్టినా ఇవ్వడానికి అవతల ఎవరూ ఉండరు.

వారం గడిచింది. పాలు ఎక్కలేదు, బరువు పెరగలేదు. ఒకరోజు పొద్దున పొరుగింటి ఆన్ఫిన్ బకెట్లో చేపలు పట్టుకొచ్చాడు. నలభై ఏళ్లు ఓడల్లో వంటవాడిగా తిరిగి, మోకాళ్లు పోయాక ఇంటికి చేరిన ముసలాయన. నోటికి అడ్డూ ఆపూ ఉండదు. బకెట్ కింద పెట్టి బండిలోకి తొంగిచూశాడు.

"ఇదేం నిద్రే? కళ్లు చేపకళ్లలా తెరుచుకునే ఉన్నాయిగా."

"కాగితంలో రాశారు, వెల్లకిలా అయితే బాగా నిద్రపోతుందని" అని ఒడ్నీ లోపలికి వెళ్లి కాగితం తెచ్చింది. ఆన్ఫిన్ దాన్ని చేతి పొడవునా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. చదివి నవ్వబోయి ఆగాడు.

"ఎవరి వీపు మీద?"

"ఎవరి వీపేమిటి? దాని వీపు మీదే."

"పిచ్చిదానా. నేను కొరియాలో పూసాన్ రేవుకు ఎన్నిసార్లు పోయానో తెలుసా? అక్కడ చేపలమ్మే ఆడవాళ్లకి ఒక్కొక్కరి వీపు మీద ఒక్కో పిల్ల. దుప్పటితో బిగించి కట్టేసుకుంటారు. బేరమాడేదీ అలాగే, వండేదీ అలాగే, మొగుణ్ణి తిట్టేదీ అలాగే. పిల్లలు ఆ వీపు మీదే తింటారు, ఆ వీపు మీదే పడుకుంటారు. ఈ పిల్లని పెంచినావిడ పాపం ఎంత వివరంగా రాసిందో. మీరేమో తీసుకొచ్చి మంచులో వెల్లకిలా పడేశారు."

ఒడ్నీ బండి అంచు పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆమె మనసులో పిల్ల వెనక ఉన్నది ఒక ఆఫీసు, ఒక అనాథాశ్రమం, వరసగా మంచాలు. మనిషెవరూ లేరు. ఇప్పుడు ఒక్కసారిగా ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. మొహం తెలియదు, వీపు మాత్రం ఉంది. జనవరిలో ఏదో ఒక పొద్దున ఆ దుప్పటి ముడి విప్పేసి ఉంటారు. ఆ తర్వాత ఆవిడ వంటెలా చేసుకుందో, ఒంటరిగా ఎలా వంగి లేచిందో. స్వెట్టర్లలో జారిన అల్లిక కనిపెట్టే తనకు మూడు నెలలుగా ఇది కనబడలేదని ఒడ్నీకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఎలా కడతారో గుర్తుందా మీకు?" అని అడిగింది.

"వంగు" అన్నాడు ఆన్ఫిన్.

మంచం మీది ఉన్ని దుప్పటి తెచ్చారు. ఆన్ఫిన్ పిల్లను ఆమె వీపుకు ఆనించి, దుప్పటి చుట్టూ తిప్పి, రొమ్ముల మీదుగా లాగి కట్టాడు. "ఓడ ముడి. తుఫానొచ్చినా ఊడదు" అన్నాడు. పిల్ల కాసేపు కదల్లేదు. తర్వాత ఒడ్నీకి భుజాల మధ్య ఒక చెంప ఆనడం తెలిసింది. ముక్కు అటూ ఇటూ రాస్తూ వాసన చూస్తోంది. చూసి చూసి, పిల్ల ఏడుపందుకుంది.

మూడు నెలల ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. కాళ్లతో తన్నింది, పిడికిళ్లతో వీపు మీద కొట్టింది, గొంతు బొంగురుపోయినా ఆపలేదు. వీపు సరైనదే, మనిషే వేరు. బొర్గిల్డ్ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేశావే దాన్ని? దించు ముందు. దేశదిమ్మరి వాళ్లలా ఆ కట్టడమేంటి?"

"దించను అత్తయ్యా."

"ఊపిరాడక చచ్చిపోతుందే."

"ఏడవనివ్వండి. అది ఏడవాల్సిన ఏడుపే."

ఒడ్నీ అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. వంటింట్లోకి పోయి నిలబడే బంగాళాదుంపలు తొక్క తీసింది. తనకూ కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. గంట తర్వాత వీపు మీద బరువు మెత్తబడింది. పిల్ల నిద్రపోయింది. దుంపలు ఉడికి చల్లారిపోయినా ఒడ్నీ కూర్చోలేదు.

కొరియాలో గంజి అంటే ఉత్త బియ్యమేనని ఆన్ఫిన్ చెప్పాక గంజీ మారింది. పాలూ చక్కెరా తీసేసి, ఉత్త బియ్యం నీళ్లలో మెత్తగా ఉడికించింది. బొర్గిల్డ్ "ఖైదీలకు కూడా ఇంతకంటే మంచి తిండి పెడతారు" అని సణిగింది. భుజం మీదుగా చెంచా అందిస్తే పిల్ల రెండు చెంచాలు మింగింది. మర్నాడు అయిదు.

ఏడుపు మాత్రం తగ్గలేదు. కట్టుకున్నప్పుడల్లా ఏడుపు, విప్పినప్పుడల్లా ఏడుపు. ఒడ్నీ పిల్లను అలాగే కట్టుకుని కొట్టుకూ పోస్టాఫీసుకూ వెళ్లేది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది. బుద్ధిమంతురాలని మెచ్చుకున్న నోళ్లే ఇప్పుడు "బంగారంలాంటి పిల్లని పాడుచేసింది. అలవాటు చేసింది, ఇక దిగుతుందా?" అన్నాయి. ప్రార్థన మందిరంలో ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది.

తోర్గైర్ పాయ దాటించే ఫెర్రీ పడవలో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొస్తే పొయ్యి పక్కన కూర్చుని చెవులు మూసుకునేవాడు. ఒకనాడు నెమ్మదిగా అన్నాడు: "ఇంతకు ముందే నయమేమో ఒడ్నీ. కనీసం ప్రశాంతంగా ఉండేది."

"ప్రశాంతంగా లేదు తోర్గైర్. మనల్ని నమ్మక నోరు మూసుకుంది."

"ఇప్పుడు నమ్మిందా మరి?"

నమ్మిందో లేదో ఒడ్నీకీ తెలియదు.

మూడు వారాలూ గడిచాయి. ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ యోరున్ తక్కెడ ముల్లును రెండుసార్లు సరిచేసి చూసింది. తొంభై గ్రాములు పెరిగింది. రెండు వందలు కాదు.

"సోమవారం పట్నం తీసుకెళ్లండి. చీటీ రాసిస్తాను" అంది. ఆమె చెడ్డదేం కాదు, ముప్పై ఏళ్లుగా మా పిల్లలందరినీ తూచిన చేయి అది. పుస్తకంలో ఏముంటే అది చేస్తుంది.

ఒడ్నీ పిల్లకు చొక్కా తొడిగి, వీపుకు ఎత్తుకుని, దుప్పటి చుట్టి ముడి వేసుకుంది. ఇప్పుడు ఎవరి సాయమూ అక్కర్లేదు.

"తీసుకెళ్లను సిస్టర్."

ఆ గదిలో ఆ మాట అదివరకు ఎవరూ అని ఉండరు. సిస్టర్ కలం కింద పెట్టింది. "పెరిగింది తొంభై గ్రాములే ఒడ్నీ."

"మూడు నెలలు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పెరగడం మొదలైంది. మీరు అద్దం వెనక పెడితే మళ్లీ బుద్ధిమంతురాలైపోతుంది. నాకొద్దు."

"రేపేమైనా అయితే బాధ్యత ఎవరు మోస్తారు?"

"నేనే మోస్తాను. మోస్తూనే ఉన్నాగా."

సిస్టర్ యోరున్ ఆ ముడి వైపు చూసింది. రాసిన చీటీని చింపలేదు, సొరుగులో పెట్టింది. "రెండు వారాలు. ప్రతి మూడో రోజూ తీసుకొచ్చి తూయించాలి. ఒక్క గ్రాము తగ్గినా ఇది బయటికి తీస్తాను" అంది. ఒడ్నీ తల ఊపి బయటికి వచ్చింది. సిస్టర్ చెప్పిందే నిజమై, తనే పిల్లను చంపుకుంటుందేమోనన్న భయం బయటి మెట్ల మీదే పట్టుకుంది. ఆ తర్వాత చాలా రోజులు వదల్లేదు.

ఫెర్రీ ఎక్కగానే ఇంజన్ మోతకు పిల్ల ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. లోపల బెంచీల మీద కూర్చున్నవాళ్లు కాఫీ కప్పులు పట్టుకుని తలలు తిప్పారు. మా ఊరివాళ్లు కొందరు చూసీ చూడనట్టు కిటికీలోంచి నీళ్లను చూశారు. అవతల పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం లేచి దగ్గరికొచ్చింది. పిల్ల నల్లటి జుట్టు వైపూ, ఒడ్నీ పసుప్పచ్చ జడ వైపూ మార్చి మార్చి చూసింది.

"అయ్యో, ఎవరి పిల్లమ్మా? ఎందుకంతలా ఏడుస్తోంది?"

ఒడ్నీ చేతులు వెనక్కి పెట్టి, దుప్పటి కింద పిల్ల కాళ్లు రెండూ పట్టుకుంది.

"నా పిల్లేనండి" అంది. "వాళ్లమ్మ కోసం ఏడుస్తోంది."