దగ్గు వినిపించని కళ్లం

ప్రత్తిపాడుకు దక్షిణాన గల మా పల్లెలో ఆశా కార్యకర్తగా పనిచేస్తున్న శ్రీమతి మల్లేశ్వరి, మిరప కోతల కాలంలో ఏ కళ్లంలోకి వెళ్లినా ముందుగా తన మాస్కు తీసివేస్తారు. ఘాటు పీల్చి దగ్గుతారు. పిమ్మట చుట్టూ ఉన్నవారి దగ్గు వింటూ నిలబడతారు. ఇందుకు గల కారణం ఊరిలో అందరికీ తెలిసినదే గనుక ఎవరూ ఆమెను అడగరు.

కరోనా రెండవ విడత వచ్చిన వేసవిలో, యర్రగొండపాలెం వైపు నుండి వచ్చిన కోత కూలీలు పొలాల చివర గుడారాలలో ఉండేవారు. పరీక్షల విషయంలోగాని, మందుల విషయంలోగాని వారిని ఈ ఊరి జనంలో చేర్చలేదు. సొంత ఊళ్లలో లేరు గనుక అక్కడా వారిని చూసే దిక్కు లేదు. పైగా ఒక్కరికి జ్వరమని తెలిసినా ముఠా అంతటినీ లారీ ఎక్కించి పంపివేయవలసినదేనని ఊరి పెద్దలు తీర్మానించారు. అందుచేత వారు జ్వరాలు దాచేవారు. ఎవరూ పంపకపోయినా, ఆ గుడారాలకు మల్లేశ్వరి గారు ఒక్కరే వెళ్లేవారు.

వెళ్లి, పక్కనే కళ్లంలో పనిచేస్తున్నవారిని దగ్గున్నదా అని విచారిస్తే అందరూ నవ్వేవారు.

"మిరపకాయల్లో కూర్చోబెట్టి దగ్గుందా అంటావేందక్కా? లేనోణ్ణి చూపించు, దణ్ణం పెడతా," అన్నాడు ముఠా మేస్త్రి వీరబాబు.

దగ్గని మనిషి ఒక్కతే ఉన్నది. కోటేశ్వరి అనే నడివయసు స్త్రీ, కాయల రాశి పక్కనే కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నది. కంట నీరైనా లేదు.

"నాకు ఘాటే తెలవట్లేదక్కా," అన్నదామె.

"పెట్టి పుట్టావులే," అని హాస్యమాడి, దగ్గుతున్నవారికి మందులిచ్చి మల్లేశ్వరి గారు తిరిగి వచ్చారు. ఆ వ్యాధి వాసననూ ఘాటునూ తెలియకుండా చేయగలదని ఆమె వినియే ఉన్నారు. ఆ క్షణాన స్ఫురించలేదు.

మరల వెళ్లేసరికి కోటేశ్వరి గుడారంలో పడి, నోటితో ఊపిరి లాగుతున్నది. అప్పుడూ దగ్గు లేదు. సంగతి పొక్కితే అందరినీ వెళ్లగొడతారని వీరబాబు అడ్డుపడ్డాడు.

"ఊళ్లో నేను చెప్పుకుంటా. ముందు మనిషిని ఎత్తు."

మా ఊరి షబ్బీర్ తన ఆటో తెచ్చాడు. గుంటూరు వెళ్లే దారి పొడవునా మల్లేశ్వరి గారు కోటేశ్వరి వీపుపై చేయి ఉంచి, ఏదో ఒకటి అడుగుతూ మాట్లాడిస్తూనే ఉన్నారు. పట్టణం పొలిమేరలో, ఆ చేతికింద వీపు కదలడం ఆగిపోయింది.

తిరిగి వచ్చి ఆమె ఆరోగ్య కేంద్రం గుమ్మంలో కూర్చున్నారు. పరీక్షల వాహనం గుడారాల వద్దకే బయలుదేరేదాకా లేవలేదు. ముఠాలో మరికొందరికి వ్యాధి ఉన్నట్లు తేలింది. చికిత్స సకాలంలో అందినందున అందరూ బ్రతికారు. లారీ మాట మరి ఎవరూ ఎత్తలేదు. నాటి నుండి ఏటా మొదటి కోతకే వైద్య వాహనం పొలాలకు వస్తున్నది. అది ఆమె చలవేనని ఎవరైనా అంటే, మల్లేశ్వరి గారు అక్కడ నిలువరు.

గత వేసవిలో అఖిల అనే అమ్మాయి కళ్లంలో చడీచప్పుడూ లేకుండా కాయలు ఏరుతున్నది. మల్లేశ్వరి గారు చాలాసేపు విన్నారు. పిమ్మట వెళ్లి ఆమె ఎదుట చతికిలబడ్డారు.

"ఒక్కసారి దగ్గు తల్లీ."

వేళాకోళమనుకుని అమ్మాయి నవ్వింది.

"దగ్గమ్మా."

నవ్వుతూ గాలి పీల్చిన అఖిలకు ఘాటు తగిలి దగ్గు తెర వచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. మల్లేశ్వరి గారు ఆమె వీపుపై చేయి వేశారు. దగ్గు ఆగిన పిమ్మట కూడా ఆ చేయి తీయలేదు.