ఒడుగులో దారం

మిర్చి యార్డుకు పోయే లారీ కిటికీ కింద ఆగినప్పుడల్లా ఆస్పత్రి వరండా అంతా ఘాటు. పక్క కుర్చీలో మా ఏడేళ్ల రెహాన్ ముక్కు నలుపుకుంటున్నాడు. ఇవాళ వాడికి సున్తీ. ఆ సంగతి వాడికింకా తెలియదు. చెప్పాల్సింది నేనే.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో సున్తీని ఒడుగు అనేవాళ్లు. నా భయమంతా ఆ మాటతోనే మొదలైంది. మాది దూది ఏకే ఇల్లు. విల్లు టంగు టంగుమంటుంటే ఇల్లంతా పింజలు ఎగిరేవి, నాన్న కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. పురోహితులవారబ్బాయి సుబ్బు నా జతగాడు. ఆ మాఘంలో వాడికి ఒడుగు చేసి, సన్నాయి మోగించి, భుజం మీదుగా జంధ్యం వేశారు. ఆ తర్వాత కొన్నాళ్లకే మా నాయనమ్మ, "మస్తానుకీ ఒడుగు చేసేద్దాం" అంది. ఇంకేముంది, నాకూ జంధ్యమే అనుకున్నాను. పరుపులు కుట్టే దారం కాస్త తెంపి చొక్కా లోపల అడ్డంగా వేసుకుని మురిసిపోయాను. నాయనమ్మ చూసి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది గానీ, అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే నలుగు పెట్టి, తలంటి నీళ్లు పోసి, కొత్త లుంగీ కట్టి, మల్లెపూల దండ వేశారు. నేతిలో రవ్వ వేగుతున్న వాసన, అత్తల నవ్వులు, వాకిట్లో చిన్నా పెద్దా సందడి. అంత సంబరంలోనూ ఆడవాళ్లు మా దొడ్లో ఆరబోసిన మిరపకాయలన్నీ గంపలకెత్తి దూరంగా మోసుకుపోతుంటే, నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

"ఎందుకే తీసేస్తున్నారు?"

"నీకు తుమ్ములు రాకుండా నాయనా."

"తుమ్మితే ఏమవుద్ది?"

నాయనమ్మ రవ్వ మాడుతోందంటూ లోపలికి వెళ్లిపోయింది.

నాన్న నాకోసమే ఏకిన దూదితో కుట్టిన పరుపు మీద కూర్చోబెట్టారు. మేనమామ వెనకనుంచి చేతులు పట్టుకున్నాడు. ఒడుగులు చేసే ఒస్తా పైకి వేలు చూపించి, "అదుగో, బంగారు పిచ్చిక!" అన్నాడు. వాసాల్లో పిచ్చిక కోసం వెతుకుతున్నాను. అంతలోనే అయిపోయింది. కాల్చిన దూది మసి అద్దారు. గుడ్డ తగలకుండా లుంగీని దారంతో పైకెత్తి వాసానికి కట్టారు. చూడ్డానికొచ్చిన సుబ్బు ఆ దారం వంక అయోమయంగా చూసి, "ఇదేనా?" అన్నాడు. నా ఒడుగులో నాకు దక్కిన దారం అదొక్కటే.

పుండు మానింది, కోపం మానలేదు. పిచ్చికను చూడమన్నవాళ్లంతా నావాళ్లే కదా! తుమ్మితే పుండు అదురుతుందన్న భయంతో ముక్కు మూసుకుని పడుకున్న ఆ రోజులు ఇప్పటికీ ఒంట్లోనే ఉన్నాయి.

ఇప్పుడు ఒస్తా లేడు, దూది ఏకే విల్లు లేదు, పిచ్చికను చూపించడానికి వాసాలూ లేవు. మత్తిస్తారు, కుట్లేస్తారు, సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. కిందటి వారం డాక్టరమ్మ, "జబ్బుండి చేయించుకునే పిల్లలు వేరండీ. మీవాడికి ఏ జబ్బూ లేదు. మీ ఆచారమని చేస్తాం. అయితే వాడికి చెప్పి తీసుకురండి" అంది. ఇంట్లో మా ఆవిడ, "చెబితే బెదిరిపోడూ?" అంది. మా ఆచారం మీద నాకు గౌరవమే. కాదనే మనిషిని కాను. అయినా వీడికి పిచ్చికను చూపించడం నావల్ల కాదు.

లోపలినుంచి నర్సు వాడి పేరు పిలిచింది. వాణ్ని దగ్గరికి తీసుకుని, ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో, తర్వాత నొప్పి ఉంటుందని కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నీక్కూడా చేశారా నాన్నా?"

"చేశారు."

"నువ్వేమన్నావు?"

"నన్నెవరూ అడగలేదురా."

వాడు నా మొహంలోకి చూశాడు. "నువ్వు నన్ను అడుగుతున్నావుగా?"

"ఊఁ."

"అయితే ఇవాళొద్దు."

ఇంటి దగ్గర మా అమ్మ చేసే హల్వా తయారై ఉంటుంది. అమ్మకేం చెప్పాలో, మా ఆవిడకేం చెప్పాలో తెలియలేదు. నర్సుకు మళ్లీ వస్తామని చెప్పి, వాడి చేయి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఎదురుగా మిరప లారీ. రెహాన్ గట్టిగా తుమ్మాడు. ఆ వెంటనే మళ్లీ తుమ్మాడు.

తుమ్మనిచ్చాను.