నీళ్లు కూడా తాగని మనిషి

గోదావరిఖనిలో నేను నర్సుగా పనిచేసే వార్డుకు ఒక వానాకాలం నస్పూర్ నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంటోంది గానీ, మంచంలోనే ఉండటంతో నడుము కింద పుండు పడింది. అది మానడం లేదు.

కట్టు మార్చినప్పుడల్లా పుండు పాలిపోయి కనిపించేది. భుజాల దగ్గర చర్మం వదులై వేలాడుతోంది. మందులు వేళకే పడుతున్నాయి. అన్నం పళ్లెం మాత్రం పెట్టింది పెట్టినట్టే వెనక్కి పోతోంది.

"రెండు బుక్కలు తిని మొకం తిప్పుకుంటడక్కా," అంది దగ్గరుండి చూసుకుంటున్న కూతురు. "నీళ్లు గూడ తాగడు."

"ఆకలైతలేదు బిడ్డా," అన్నాడాయన, నేనడిగితే.

పళ్లు బాగానే ఉన్నాయి, జ్వరం లేదు. మర్నాడు కూతురితో జొన్న అంబలి చేయించి తెప్పించాను. గ్లాసు నోటి దాకా తీసుకెళ్లాడు. వాసనకే నోరూరి గుటక మింగాడు. అయినా తాగకుండా కింద పెట్టేశాడు. ఈయనకు ఆకలి ఉందని అప్పుడు అర్థమైంది.

కూతుర్ని చాయ్ తాగి రమ్మని పంపి, మంచం చుట్టూ తెర లాగాను.

"కాకా, నిజం చెప్పు. ఎందుకు తింటలేవు?"

మొహం కిటికీ వైపు తిప్పుకుని చెప్పాడు.

"తింటే మల్ల దొడ్డికి పోవాలె గద. నా బిడ్డ నాకు కడుగవట్టె. గట్ల కడిగిచ్చుకునుడు కన్న ఎండుడే నయ్యం."

నాకు ముందు దుఃఖం వచ్చింది, ఆ వెంటనే పంతం వచ్చింది. సిగ్గుతో ఒక మనిషి నా వార్డులో ఎండిపోవడానికి వీల్లేదు. హెడ్ సిస్టర్‌తో మాట్లాడి ఆయన్ని బాత్రూం పక్క మంచానికి మార్పించాను. కూర్చునే చోట రంధ్రం ఉన్న చక్రాల కుర్చీ సంపాదించాను. వార్డులో పనిచేసే ఒక అన్న పొద్దున పూట సాయం పడతానన్నాడు.

"ఇగ నీ బిడ్డకు గా పని చెప్పం. నువ్వు తినుడు మొదలువెట్టు," అన్నాను.

ఇన్నాళ్లు పస్తున్న కడుపు, ఒక్కసారే నింపొద్దని డాక్టరు హెచ్చరించారు. రక్తపరీక్షలు చూసుకుంటూ మొదట కొంచెం కొంచెంగా అంబలి, తర్వాత మెత్తటి పప్పన్నం, ఆ తర్వాత గుడ్డు పెట్టాం.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. ఆ అన్న సెలవు పెట్టిన పొద్దున ఈయన మళ్లీ నోరు కట్టేసుకున్నాడు. కుర్చీ నేనే తెచ్చాను.

"నువ్వా బిడ్డా?"

"నేనే. బాయిల నీ డ్యూటీ నువ్వు చెయ్యలేదా కాకా? ఇది నా డ్యూటీ."

ఆయన నా భుజం పట్టుకుని కుర్చీలోకి జరిగాడు. బాత్రూంలోకి తోసుకెళ్లి, తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాను. మంచం మీదికి తిరిగొచ్చాక తనే నీళ్లడిగి గ్లాసెడూ తాగాడు.

క్రమంగా పుండులో ఎర్రటి కొత్త కండ పట్టింది. కాళ్లకు బలమొచ్చి, వాకర్ పట్టుకుని బాత్రూంకు తనే నడిచాడు. ఇంటికి వెళ్లేనాటికి ఇంకా సన్నగానే ఉన్నాడు, పుండు పూర్తిగా మూసుకోలేదు. చలికాలంలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు అక్కడ మచ్చ మాత్రమే మిగిలింది.

ఇప్పుడు తిననని మొండికేసే రోగి ఎవరొచ్చినా, ఆకలి సంగతి అడిగే ముందు బాత్రూంకు ఎలా వెళ్తున్నారో కనుక్కుంటాను.