మాడర్న్ చీరకు నేను చెప్పిన అర్థం

నిన్న మనవరాలు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, మాడర్న్ అనే మాటకు అర్థం రాసి సొంతవాక్యంలో వాడాలట, చెప్పు తాతా అని కూర్చుంటే, అర్థం చెప్పాను గానీ వాక్యం మాత్రం నువ్వే రాసుకో అన్నాను. ఆ మాటను నేను మొదటిసారి వాడింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, గద్వాలలో, మా నాన్న మగ్గం ముందు.

గద్వాల చీరకు నడిమి నూలును అంచు పట్టుతో పోగుపోగుకూ మెలివేసి కలపడాన్ని కుప్పడం అంటారని, దానికి మగ్గం మీద ఇద్దరుండాలని నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది. నాన్న పక్కన కూర్చునేది, భర్త పోయి పుట్టింటికొచ్చిన మా అక్క. తిమ్మాజిపేటలోని అత్తింటివాళ్లు చాకిరీకి మనిషి కావాలని కబుర్లు పంపుతుంటే, అక్కడ ఆమెకు కడుపునిండా కూడు దొరకదని ఎరిగిన నాన్న, కుప్పడం ఆగిపోతుందని చెప్పి దాటేస్తూ వచ్చాడు. ఆ రోజు అక్క బావగారే, అంటే పోయిన భర్తకు అన్నే, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

వనపర్తిలో చదువుకుంటున్న నేను సెలవులకు వస్తూ, అక్కడి ఒక పెద్దింటివాళ్లిచ్చిన ఇంగ్లీషు చీటీ తెచ్చాను. మాడర్న్ చీర కావాలని తప్ప అందులో మరేమీ లేదు. ఇప్పటికాలపు చీర అని చెప్పాను. అదెట్లుంటుందని నాన్న అడిగాడు. తెలియదంటే పోయేది, కానీ చదువుకున్నవాణ్ణన్న బడాయి ఊరుకోనిచ్చిందా? అతుకు అంచులు పాతబడ్డాయి, అంతా ఒకే నేతగా ఉండాలి అన్నాను.

అక్క చేయి ఆగిపోయింది. ఆమె ముఖం చూడలేక చీటీకేసి చూశాను.

“తమ్మీ, జర మంచిగ సదివి చెప్పు. కుప్పడం వద్దని అండ్ల రాసిన్రా?” అంది అక్క.

ఇప్పుడు కాదంటే బావగారి ముందు నా పరువేం కాను? చీటీ మడిచి, రాశారన్నాను.

“గట్లయితే ఇగ ఈడ ఆమెకు పనేముంది మామా?” అన్నాడు బావగారు. నాన్న చెబుతూ వచ్చిన సాకు అక్కడితో పోయింది. మర్నాడు పొద్దున్నే అక్క మూటతో అతని వెంట నడిచింది.

నెల తిరగకముందే, గద్వాల అంచు లేకుండా ఇదేం చీర అని చీటీ రాసి వనపర్తివాళ్లు దాన్ని తిప్పి పంపారు. నాన్న ఆ చీటీ కూడా నాచేతే చదివించి, తిమ్మాజిపేట వెళ్లాడు. అత్తింటివాళ్లు అక్కను పంపలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా పంపలేదు.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ఇంగ్లీషు చదివినవాళ్లు నలుగురుంటారు, ఒకరు తప్పు చెబితే ఇంకొకరు దిద్దుతారు. ఆనాడు మా ఇంటిల్లిపాదీ నా ఒక్కడి నోటికేసి చూశారు, నేను చెప్పింది నమ్మారు. అందరికంటే ఎక్కువగా అక్క నమ్మింది.