ముఖ్య అతిథి జప్తు చేసిన మైకు

సభల్లో ముఖ్య అతిథికి శాలువా కప్పడం మీరు చూసే ఉంటారు. ముఖ్య అతిథే సభవారి మైకును జప్తు చేయడం ఎక్కడైనా చూశారా? ఆ ఘనకార్యం నా చేతుల మీదుగా జరిగింది. చెబుతాను, నవ్వుకోండి.

అప్పుడు నేను తార్నాకలో గది అద్దెకు తీసుకుని, పక్కనున్న యూనివర్సిటీలో శబ్ద కాలుష్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. శబ్దం కొలిచే మీటరొకటి చేతికి వచ్చింది. కొత్తగా తుపాకీ దొరికినవాడిలా దాన్ని పట్టుకుని తిరిగేవాణ్ని. హారన్ కొట్టిన ప్రతివాడి ముందూ పెట్టేవాణ్ని. ఒకాయన థర్మామీటరనుకుని, "నాకు జరం లేదు భయ్" అని వెళ్లిపోయాడు.

మా గైడ్ రూత్ మేడంది కాకినాడ వైపు. గొంతు పెంచకుండానే క్లాసును అదుపులో పెట్టే మనిషి. శబ్ద నియమాల మీద ఒక సభ పెడదామన్నారు.

"సెమినార్ హాల్ చాలు శ్రీకాంత్. మైకు అక్కర్లేదు. కొత్తగా వచ్చిన ఎస్సై లావణ్య గారిని ముఖ్య అతిథిగా పిలుద్దాం. చట్టాన్ని చట్టంలా అమలు చేస్తారటండీ ఆవిడ."

ఇంత గొప్ప విషయం నాలుగు గోడల మధ్యనా అనిపించింది నాకు. మేడం ఊరెళ్లగానే సభను లైబ్రరీ ఎదుటి పచ్చికలోకి మార్చేశాను. హబ్సిగూడ నుంచి మైకుసెట్ యాదగిరిని పిలిపించాను.

"రెండు చిన్న డబ్బాలు చాలన్నా" అన్నాను.

"చిన్నయి పెడితే ముందు లైనుకే వినపడ్తది సార్. పెద్దయి పెడ్త, విద్యానగర్ దాంక పోతది."

నాకు అంతకన్నా ఏం కావాలి? పెట్టించాను.

సభ రోజు నేను మైకందుకుని, "నిశ్శబ్దం మన హక్కు" అని ఒక్క అరుపు అరిచాను. లైబ్రరీ మీది పావురాలన్నీ హబ్సిగూడ దిక్కుకు లేచిపోయాయి. సరిగ్గా అప్పుడే ఎస్సై గారు ఇద్దరు కానిస్టేబుళ్లతో నడిచి వచ్చారు. జీపు గేటు దగ్గరే ఆపించారట. "లోపల పిల్లలు చదువుకుంటరు గద" అన్నారు. తెలివున్నవాడెవడైనా అక్కడే మైకు కట్టేసేవాడు.

"తమ్ముడూ, నీ చేతుల ఉన్నదేంది?"

"శబ్దం కొలిచే మీటరు మేడం."

"పనిచేస్తదా?"

నా పౌరుషం పొంగింది. యాదగిరికి సైగ చేసి పాట పెట్టించాను. "చూడండి మేడం, ఎనభై డెసిబెల్స్ దాటింది."

"గీడ ఎంత ఉండాలె?"

"విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం మేడం. పగలు యాభై దాటకూడదు. లౌడ్‌స్పీకర్ వాడితే..." బట్టీపట్టిన పాఠం అప్పజెబుతూ, ఆ మాట దగ్గర యాదగిరి పెట్టిన పెద్ద డబ్బాల వైపు చూశాను.

"చెప్పు, వాడితే?"

"శిక్షార్హం మేడం."

"గీ మైకు ఎవరు పెట్టించిన్రు?"

"నేనే."

"కొలిచిందెవరు?"

"నేనే మేడం."

"అయితే సాక్షివి గూడ నువ్వే. నా పని అల్కగ చేసినవ్, ఇగ ఎవర్నీ ఎతికే పని లేదు."

అప్పుడే ఊరి నుంచి దిగిన రూత్ మేడం వైపు ఆశగా చూశాను. ఆవిడ ఎస్సై గారికి నమస్కారం పెట్టి, "కానివ్వండి. మా అబ్బాయని వదిలేస్తే ఇక మేం ఎవరికి చెప్పగలం?" అన్నారు.

నా పేరు మీద కేసు రాశారు, మైకూ యాంప్లిఫయరూ జీపెక్కాయి. సభ హాల్లోకి నడిచింది. ఎస్సై గారు మైకు లేకుండానే మాట్లాడారు. ఆస్పత్రి ముందు తమ అన్న కొడుకు పెళ్లి బరాత్‌లో డీజే కట్టేయించిన సంగతి చెప్పారు.

"మా వదిన ఇప్పటికీ నాతోని మాట్లాడది. కానీ ఆ దినం లోపల ఆపరేషనై పండుకున్న ముసలామె కిటికీలకెళ్లి చూసుకుంట నాకు దండం పెట్టింది. గది సాలు నాకు."

హాలంతా కదలకుండా విన్నది. చివరి వరుసలో తలుపుకు ఆనుకుని నిలబడ్డ నాకు ప్రతి మాటా వినిపించింది. నా కేసు సంగతి మరచిపోయి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

బయటికొచ్చాక రూత్ మేడం నా భుజం తట్టారు. "బాధపడకు నాన్నా. నీ మీటరు సరిగ్గా పనిచేస్తోందని పోలీసు రికార్డులోకి ఎక్కింది. మన డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరి పరికరానికీ ఆ గౌరవం లేదు."

ఆ రోజే, పావురాలు తిరిగొచ్చి వాలిన ఆ లైబ్రరీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక జన్మలో, చట్టం చదివిన మనిషిని ముఖ్య అతిథిగా పిలవను.